ఊపిరి బిగబడితే... ప్రమాదమే!

మోటారు తిరుగుతోంది కానీ నీళ్లు రావడం లేదు. పైన అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే గొడవంతా అడుగున, ఫుట్‌వాల్వు దగ్గరే. ఏ ఆకో, చెత్తో అడ్డం పడి ఉంటుంది. రెంజల్ మండలంలోనే కాదు, నిజామాబాద్ జిల్లాలో నీళ్లున్న పాత బావులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా ఇలాంటప్పుడు ఊళ్లో ఒక మనిషికి కబురెళ్తుంది. అతనొస్తాడు. చొక్కా విప్పి గట్టుమీద పెడతాడు. పైపు పట్టుకుని నీళ్లదాకా దిగుతాడు. నాలుగుసార్లు గబగబా గాలి పీల్చి వదిలి, ఐదోసారి పీల్చిన గాలిని గుండెల్లో బిగబట్టి బుడుంగున మునుగుతాడు. గట్టుమీదున్నవాళ్లు పైకి ఏమీ అనరు గానీ లోపల్లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. ముప్ఫై... నలభై... యాభై...

ఆ మనిషికి తెలిసిన విద్యంతా ఒక్కటే. ఊపిరి బిగబట్టడం. సరే, అతని కష్టం చూడలేక ఎవరో పుణ్యాత్ముడు ఒక గాలి సిలిండరు తెచ్చి వీపుకి కట్టి, అదే బావిలోకి దింపాడనుకోండి. చిన్నప్పటి నుంచీ అతన్ని కాపాడుతూ వచ్చిన ఆ విద్యే అతని ప్రాణం తీయొచ్చు!

వింతగా ఉంది కదూ. లెక్క చూస్తే వింతేమీ కాదు.

బావిలో ఆరు నిలువుల నీళ్లున్నాయనుకుందాం. అంటే దాదాపు 10 మీటర్లు. గట్టుమీద ఉన్నప్పుడు మనమీద గాలి ఒత్తిడి ఒక వంతు. 10 మీటర్ల నీటి కిందకి వెళ్తే అది రెండింతలు. 20 మీటర్లకి మూడింతలు. 30కి నాలుగింతలు. పైన ఆరు లీటర్ల గాలి పీల్చుకుని మునిగినవాడి ఊపిరితిత్తుల్లో ఆ గాలి బావి అడుక్కి చేరేసరికి మూడు లీటర్లంత చోటులోకి నొక్కుకుపోతుంది. మళ్లీ పైకొచ్చేసరికి ఆరు లీటర్లే అవుతుంది. ఎంత పట్టుకెళ్లాడో అంతే తెచ్చుకున్నాడు. పేచీ లేదు.

సిలిండరుతో దిగినవాడి సంగతి వేరు. అడుగున ఉండగా అతను పీల్చే ఆరు లీటర్లూ రెండింతల ఒత్తిడితో వచ్చిన గాలి. దాన్ని గుండెల నిండా నింపుకుని, అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి పైకి లేచాడంటే ఆ ఆరు లీటర్లూ దారిలోనే పన్నెండు కావడానికి చూస్తాయి. ఊపిరితిత్తులు ఆరు లీటర్ల సంచులే. పన్నెండెక్కడ పడతాయి? పొరలు చిరుగుతాయి. గాలి బుడగలు నెత్తుట్లో కలిసి మెదడుకి చేరితే ఇక చెప్పేదేముంది! ఇందుకు ఆరు నిలువుల లోతు కూడా అక్కర్లేదు. నిండా పీల్చి బిగబడితే ఒక నిలువు లోతు నుంచి లేచినా ముప్పు తప్పదు. అందుకే స్కూబా డైవింగ్ నేర్పే ఏ గురువైనా మొదటిరోజు మొదటి పాఠంగా చెప్పేది ఒకటే మాట. ఊపిరి బిగబట్టకు, పీలుస్తూ వదులుతూ ఉండు.

అన్నట్టు బావి మనిషి మునిగే ముందు గబగబా నాలుగుసార్లు పీల్చాడు చూశారూ... దాంతో ఒంట్లోకి ఎక్కువ గాలి చేరుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి జరిగేది ఇంకోటి. ఒంట్లోని బొగ్గుపులుసు గాలి బాగా తగ్గిపోతుంది. 'ఇక చాలు, పైకి పద, గాలి పీల్చు' అని మెదడుకి చెప్పేది ఆ బొగ్గుపులుసు గాలే. అది తగ్గిపోతే హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోపు ప్రాణవాయువు అయిపోతుంది. మనిషికి ఇబ్బందే తెలియదు, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లు కూడా పందేలు కట్టి నీళ్లలో ఉండిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఒక్కసారి నిదానంగా పీల్చి మునగడమే మేలు.

సిలిండరులో ఉండేది ఏమిటి?

పేపర్లలో 'ఆక్సిజన్ సిలిండర్లతో గజ ఈతగాళ్లు రంగంలోకి' అని రాస్తుంటారు. పొరపాటు ఎవరిదంటే పేపర్లవాళ్లదే. డైవర్లు మామూలుగా మోసుకెళ్లేది మనం పీల్చే గాలినే. దుమ్మూ తేమా వడకట్టి, 200 ఇంతల ఒత్తిడితో కుక్కి నింపుతారు. అచ్చం ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటి దిగితే అదే విషమై మూర్ఛ తెప్పిస్తుంది.

ఎక్కువమంది వాడే అల్యూమినియం సిలిండరు నీటికొలతలో 11 లీటర్లు పడుతుంది. అందులో దాదాపు 2,200 లీటర్ల గాలి కుక్కుతారు. తాపీగా ఉన్న మనిషికి నిమిషానికి 20 లీటర్లు చాలనుకుంటే గట్టుమీద కూర్చుని గంటా యాభై నిమిషాలు పీల్చొచ్చు. 10 మీటర్ల లోతులో అదే సిలిండరు 55 నిమిషాలే. 30 మీటర్లలో 27 నిమిషాలు. కంగారుపడితే ఇందులో సగం. ఈ లెక్క కాస్త గుర్తుపెట్టుకోండి. గోదావరి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తేలాలా? మునగాలా?

రెంజల్ మండలంలోని కందకుర్తి సంగతి ఇందూరు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మహారాష్ట్ర నుంచి వచ్చిన గోదావరి మన నేలమీద అడుగుపెట్టేది ఇక్కడే. నిజాంసాగర్ దాటి వచ్చిన మంజీర, హరిద్ర ఇక్కడే అందులో కలుస్తాయి. నది మధ్యలో రాతితో కట్టిన పాత శివాలయం ఉంది. ఎండాకాలం ఇసుకలో నడుచుకుంటూ వెళ్లి మొక్కుతారు. వానాకాలం శ్రీరాంసాగర్ వెనకజలాలు పెరిగితే గుడి నీళ్లలో మునిగిపోతుంది. ఒకే చోటు నెలలు మారితే నడిచే నేలవుతుంది, నిలువు దాటిన నీరవుతుంది.

ఈ ప్రాంతంలో పిల్లలకి ఈత నేర్పేటప్పుడు నడుముకి బెండ్లో, ఖాళీ నూనెడబ్బానో కడతారు. డబ్బా ఎందుకు తేలుతుందో బడి పుస్తకంలో ఉంది. ఆర్కిమెడిస్ చెప్పిందే. నీళ్లలో దిగిన వస్తువు ఎంత నీటిని పక్కకి తోస్తుందో అంత నీటి బరువు దాన్ని పైకి నెడుతుంది. ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఐదు లీటర్ల నీటిని తోస్తుంది. కాబట్టి ఐదు కిలోల ఎత్తు ఇస్తుంది. డబ్బా బరువు ఎంతోకొంత ఉంటుంది, అది తీసేయండి.

మనిషి ఒళ్లు కూడా ఒక డబ్బాయే. గుండెనిండా గాలి ఉంటే తేలుతుంది. పూర్తిగా వదిలేస్తే చాలామంది మునుగుతారు. మునగడానికీ తేలడానికీ మధ్య తేడా రెండు మూడు కిలోలే. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతుంది. ఈత రానివాళ్లు నీళ్లలో పడగానే చేసే మొదటి పని- చేతులు పైకెత్తి పిలవడం. నీళ్లలో ఉన్నంతసేపూ చేతుల బరువు నీరు మోస్తుంది. పైకి లేపగానే ఆ బరువంతా ఒంటిమీద పడి తలను కిందకి నొక్కేస్తుంది. చేతులు నీళ్లలోనే ఉంచి, తల వెనక్కి వాల్చి, వెల్లకిలా ఉండటానికి చూసినవాళ్లకి నోరూ ముక్కూ పైన ఉంటాయి. భయంలో ఇది గుర్తురాదు. అందుకే పిల్లలకి ఈతకంటే ముందు వెల్లకిలా తేలడం నేర్పాలని తెలిసినవాళ్లు అంటారు.

డైవరుకి కావాల్సింది తేలడమూ కాదు, మునగడమూ కాదు. రెంటికీ మధ్య, గాల్లో ఆగిన గాలిపటంలా నీళ్లలో ఆగడం. అందుకు మూడు చేతిలో ఉంటాయి. నడుముకి కట్టే సీసం దిమ్మలు. గాలి నింపడానికీ తీయడానికీ వీలైన సంచి. మూడోది ఊపిరి. అరలీటరు ఎక్కువ పీలిస్తే అరకిలో తేలికవుతాడు, మెల్లగా లేస్తాడు. వదిలితే దిగుతాడు. అనుభవం ఉన్నవాళ్లు సంచి మీట జోలికి పెద్దగా పోరు. ఊపిరితోనే సర్దుకుంటారు. కొత్తవాళ్లు మాత్రం దిగుతున్నామని గాలి కొట్టి, లేస్తున్నామని తీసేసి, మళ్లీ కొట్టి... సిలిండరులో సగం గాలి ఈ దాగుడుమూతలకే ఖర్చుచేస్తారు.

విశాఖ సముద్రంలో సరిగ్గా సరిపోయిన సీసం గోదావరిలో ఎక్కువైపోతుంది. ఉప్పునీరు లీటరు 1,025 గ్రాముల దాకా తూగితే మంచినీరు కిలోయే. సామాన్లతో కలిపి 100 కిలోలుండే డైవరు సముద్రం నుంచి నదికొస్తే రెండున్నర కిలోల సీసం తీసేయాలి. మర్చిపోతే రాయిలా అడుగుకి పోతాడు.

వీపుమీద బరువు... పక్కకి జరిగింది

సినిమాల్లో, టీవీల్లో డైవరంటే వీపుమీద సిలిండరుతోనే కనిపిస్తాడు. దాన్ని వీపుమీంచి తీసి చంకల కింద, ఒంటికి అటొకటి ఇటొకటి కట్టుకునే పద్ధతి ఇంకోటుంది. దాన్ని సైడ్‌మౌంట్ అంటారు. ఎవరో ప్రయోగశాలలో కూర్చుని కనిపెట్టింది కాదు. ఇరుకు సందుల్లో పాకాల్సి వచ్చినవాళ్లు గత్యంతరం లేక చేసుకున్న ఏర్పాటు.

కర్నూలు వైపు వెళ్లినవాళ్లు బెలుం గుహలు చూసే ఉంటారు. కొలిచిన పొడవే మూడు కిలోమీటర్లు దాటుతుంది. లోపల అన్నిటికంటే లోతున, 46 మీటర్ల దిగువన పాతాళగంగ ఉంది. చిన్న పాయ పారుతూ వచ్చి రాళ్ల కిందకి దూరి మాయమైపోతుంది. చూసిన ప్రతి పిల్లాడూ 'ఆ తర్వాత ఎటు పోతుంది నాన్నా' అని అడుగుతాడు. నాన్న దగ్గర జవాబుండదు.

ఇంగ్లండులోని మెండిప్ కొండల గుహల్లో తిరిగేవాళ్లకీ అదే ప్రశ్న వచ్చింది. గుహలో నడుచుకుంటూ, పాక్కుంటూ వెళ్తారు. ఒకచోట పైకప్పు నీళ్లను తాకేస్తుంది. అవతల మళ్లీ గుహ ఉంటుందని తెలుసు. మధ్యలో కొన్ని మీటర్ల నీటి సొరంగం. వీపుమీద సిలిండరుంటే అది పట్టదు. దాంతో 1960ల నాటికి అక్కడివాళ్లు చిన్న సిలిండర్లను నడుం బెల్టుకి పక్కన వేలాడేసుకుని దూరడం మొదలెట్టారు. పొడవాటి గొప్ప ఈతలకు కాదు, ఒక నీటి మడుగు దాటి అవతలి పొడి గుహలోకి చేరడానికి. తర్వాత అమెరికాలోని ఫ్లోరిడాలో నీళ్లు నిండిన పెద్దపెద్ద గుహల్లో తిరిగేవాళ్లు ఆ పద్ధతిని తీసుకుని మెరుగులు దిద్దారు. 1990లలో దీనికోసమే పట్టీలు తయారుచేసి అమ్మడం మొదలైంది. ఇప్పుడు గుహ మొహం చూడని మామూలు డైవర్లు కూడా నేర్చుకుంటున్నారు.

వాళ్లెందుకు నేర్చుకుంటున్నారంటే నడుంనొప్పి ఒక కారణం. నిండు సిలిండరు 17 కిలోల దాకా ఉంటుంది. రెండు కలిపి వీపుమీద వేసుకుని ఒడ్డున నాలుగడుగులు వేయడమంటే వడ్లబస్తా మోసినట్టే. సైడ్‌మౌంట్‌లో ఒక్కొక్కటే నీళ్లదాకా తీసుకెళ్లి అక్కడే తగిలించుకోవచ్చు. అడుగుభాగాన్ని కొక్కెంతో నడుం దగ్గరున్న రింగుకి తగిలిస్తారు. పైభాగాన్ని వీపు వెనక నుంచి చంక కిందుగా వచ్చే రబ్బరుతాడు పట్టి ఉంచుతుంది. సరిగ్గా కట్టుకుంటే పక్కనుంచి చూసినవాళ్లకి సిలిండరు ఒంటితో సమానంగా, చంక నుంచి తొడదాకా ఒకే గీతలా కనిపిస్తుంది. సరిగ్గా కట్టుకోకపోతే ఎద్దు మెడలో గుదికర్రలా వేలాడుతుంది.

రెండో కారణం అసలైంది. వీపుమీద సిలిండరుంటే దాని మూత తల వెనక ఉంటుంది. బుసబుసమని గాలి కారుతుంటే చప్పుడు వినపడుతుంది కానీ ఎక్కడ కారుతోందో కంటికి కనపడదు. చేయి వెనక్కి తిప్పి తడుముకోవాలి. పక్కనుంటే మూతలు రెండూ చంకల దగ్గరే, కళ్లెదుటే. బుడగలు ఎటు నుంచి వస్తున్నాయో చూసి ఆ మూత తిప్పేసి రెండోదాని నుంచి పీల్చుకోవచ్చు. రెండూ విడివిడి సిలిండర్లు, వేటి గొట్టాలు వాటికే. ఒకటి పూర్తిగా చెడినా ఇంకోటి మిగులుతుంది.

కాకపోతే ఆ సౌకర్యం ఊరికే రాదు. ఒకవైపు నుంచే పీలుస్తూ పోతే ఆ సిలిండరు తేలికై ఒళ్లు రెండోవైపు ఒరిగిపోతుంది. ఎడ్లబండిలో బస్తాలన్నీ ఒకవైపే వేసినట్టన్నమాట. సిలిండరులో కుక్కిన గాలే రెండున్నర కిలోల పైన తూగుతుంది మరి! అందుకని కాసేపు కుడి, కాసేపు ఎడమ మార్చి మార్చి పీలుస్తూ, రెండు మీటర్లలోనూ ముళ్లు ఇంచుమించు ఒకేచోట ఉండేలా చూసుకోవాలి. అల్యూమినియంతో ఇంకో తంటా. నిండుగా ఉన్నప్పుడు బుద్ధిగా కిందుండే సిలిండరు ఖాళీ అవుతున్నకొద్దీ తేలడం మొదలెడుతుంది. తోక పైకి లేస్తుంది. అప్పుడు అడుగు కొక్కేన్ని వెనక రింగు నుంచి తీసి నడుముకి ముందువైపున్న రింగుకి మార్చుకోవాలి. ఉక్కు సిలిండర్లకి ఈ జబ్బు లేదు కానీ అవి మొదటినుంచీ బరువే. 

ఇవన్నీ చేస్తూ ఒళ్లు మాత్రం బల్లపరుపుగా, బోర్లా ఉండాలి. మోకాళ్లు వంచి, పాదాలు పైకి పెట్టి, కప్ప తన్నినట్టు పక్కలకి మెల్లగా తన్నాలి. మామూలు ఈతలోలా కాళ్లు కిందికీ మీదికీ ఆడిస్తే అడుగునున్న ఒండ్రు లేస్తుంది. గుహలో ఒండ్రు లేచిందంటే దీపం ఉన్నా లేనట్టే, తన చేయి తనకే కనపడదు. అప్పుడు బయటికి దారి చూపేది లోపలికి వెళ్తూ కట్టుకుంటూ వెళ్లిన సన్నటి తాడు ఒక్కటే. దాన్ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, గుడ్డివాడిలా తడుముకుంటూ వెనక్కి రావాలి.

గాలికి కూడా గుహల్లో ఒక కట్టుబాటుంది. ఉన్నదాంట్లో మూడో వంతు లోపలికి వెళ్లడానికి. మూడో వంతు తిరిగి రావడానికి. మిగిలిన మూడో వంతు ముట్టకూడదు. అది ఎందుకంటే, అన్నిటికంటే లోపల ఉన్నప్పుడు తోడు వచ్చినవాడి గాలంతా పోయిందనుకోండి. అక్కడి నుంచి ఇద్దరూ ఒకరి గాలితో బయటికి రావాలి. ఆ మూడో వంతు పక్కవాడిది. 'ఇంకాస్త ముందుకెళ్లి చూద్దాం' అని అందులో చేయిపెట్టినవాళ్లు తమతోపాటు ఇంకొకరిని కూడా పణం పెట్టినట్టే.

పన్నెండుమంది పిల్లలు

ఈ ఇరుకు విద్య ఎందుకు పనికొస్తుందో ప్రపంచమంతా చూసింది 2018లో. ఆ ఏడాది జూన్ 23న థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌రాయ్ ప్రాంతంలో ఫుట్‌బాల్ ఆడే పన్నెండుమంది పిల్లలు, వాళ్ల కోచ్ తామ్ లువాంగ్ గుహ చూడ్డానికి వెళ్లారు. పిల్లల వయసు 11 నుంచి 16 ఏళ్లు. వాన పడింది. వెనక దారి నీళ్లతో మూసుకుపోయింది. బతికున్నారో లేదో తొమ్మిది రోజులపాటు ఎవరికీ తెలియదు. జులై 2న ఇద్దరు బ్రిటిష్ గుహ డైవర్లు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్, నీళ్లలోంచి తల పైకెత్తి చూస్తే గట్టుమీద పదమూడుమందీ కనిపించారు.

ఆ ఇద్దరూ సైనికులు కారు. ఒకాయన అగ్నిమాపక శాఖలో పనిచేసి విరమించుకున్నాడు. ఇంకొకాయన కంప్యూటర్ల పని చేసుకునే మనిషి. సెలవు దొరికితే గుహల్లో దూరడం వాళ్లకి సరదా. చంకల కింద సిలిండర్లతో ఇరుకుల్లో, బురదనీళ్లలో, తాడు పట్టుకుని తిరగడం ఏళ్లకేళ్లుగా అలవాటైనవాళ్లు. థాయ్ నౌకాదళ కమాండోలు ధైర్యంలో ఎవరికీ తీసిపోరు. కానీ వాళ్ల శిక్షణ సముద్రంలో. అక్కడ ఇబ్బందొస్తే పైకి లేవచ్చు. గుహలో పైకి లేస్తే రాయి తగులుతుంది. మాజీ కమాండో సమన్ కునాన్ స్వచ్ఛందంగా వచ్చి, దారి పొడవునా సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ జులై 6న నీళ్లలోనే ప్రాణం విడిచాడు.

పిల్లలకి ఈత నేర్పి తీసుకురావడానికి వ్యవధి లేదు. మెలకువగా ఉంటే కంగారుపడి ముసుగు లాగేస్తారు. ఆస్ట్రేలియాకి చెందిన మత్తు వైద్యుడు, తనూ గుహ డైవరే అయిన రిచర్డ్ హారిస్ ఒక్కొక్కరికీ మత్తిచ్చి, మొహమంతా కప్పే ముసుగు తొడిగి అప్పగించాడు. నిద్రపోతున్న పిల్లాణ్ని సామానులా మోస్తూ డైవర్లు బయటికి ఈదారు. ఏ వైద్య పుస్తకంలోనూ లేని పని. జులై 8, 9, 10 తేదీల్లో పదమూడుమందీ బయటపడ్డారు. ఆ రోజుల్లో గుహలోంచి నీళ్లు తోడే పనికి సలహాలివ్వడానికి మనదేశం నుంచి కిర్లోస్కర్ సంస్థ నిపుణులు వెళ్లారు. అవును, బావిగట్లమీది మోటార్లమీద కనిపించే ఆ పేరే!

గోదావరిలో వేరే లెక్క

ఇంత గొప్ప పద్ధతి ఉన్నప్పుడు మన నదుల్లో ప్రమాదాలప్పుడు దాన్నే వాడొచ్చుగా? అన్నిచోట్లా కుదరదు. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. నౌకాదళ గజ ఈతగాళ్లు వచ్చారు, జాతీయ విపత్తు దళం వచ్చింది, సోనార్ యంత్రాలొచ్చాయి. బోటు ఎక్కడుందో తెలిసినా తీయడం కుదరలేదు. నది రెండు కొండల మధ్య ఇరుక్కుని సుడులు తిరిగే చోటది. లోతు 200 అడుగుల పైన. వరద. అడుగున చీకటి.

ఇందాకటి లెక్క ఇక్కడ వేయండి. 200 అడుగులంటే 60 మీటర్లు. ఒత్తిడి ఏడింతలు. నిమిషానికి 140 లీటర్లు. ఒక సిలిండరు పావుగంట, అదీ నిమ్మళంగా పీలిస్తే. అంత లోతులో మామూలు గాలిలోని నత్రజని కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది, ఆలోచన మందగిస్తుంది. పైకి రావడానికి వెనకటిలా గబుక్కున లేవకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని సోడాలో బుడగల్లా పొంగకుండా మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ రావాలి. వరద ఉరవడిలో ఒకేచోట ఆగడమెలా? అలాంటి చోట ఒంటికి రెండువైపులా సిలిండర్లు వేలాడేసుకోవడమంటే తెరచాపలు కట్టుకున్నట్టే, ప్రవాహం లాక్కుపోతుంది. పారే నీళ్లలో వెతికేవాళ్లకి గట్టుమీదివాళ్లు పట్టుకున్న తాడు, మొహమంతా కప్పే ముసుగు, పైనుంచి గొట్టంతో గాలి... ఇవే మేలు.

చివరికి కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనపతాళ్లు, పొక్లెయిన్‌తో ఆ పనికి పూనుకుంది. ఒకసారి తాడు తెగింది. వరదకి కొన్నాళ్లు ఆగారు. నీళ్లు తగ్గాక మళ్లీ మొదలెట్టి, విశాఖ నుంచి వచ్చిన డైవర్లని కిందకి దింపి, అక్టోబరు 22న బోటుని ఒడ్డుకి లాగారు. గట్టుమీద నెలరోజులుగా ఎదురుచూస్తున్న కుటుంబాలకి ఆ శిథిలం ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పాలా? అందులో వాళ్ల మనుషులున్నారు.

జులై ఒకటి

సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఏటా జులై 1న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తుతారు, అక్టోబరు 28 దాకా తెరిచే ఉంచుతారు. ఆ నీళ్లు మొదట చేరేది కందకుర్తికే. నిన్న మోకాలిలోతున్న చోట ఇవాళ ఎంతుందో చూసి చెప్పలేం. ఇసుక కదిలిపోతుంది, తవ్విన గుంతలు నీటికింద కనపడవు. శ్రీరాంసాగర్ దగ్గర 2021 ఏప్రిల్ 2న పుష్కరఘాట్‌లో స్నానానికి దిగి ఆరుగురు పోయారు. బాసర దగ్గర 2025 జూన్ 15న హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు పోయారు. రెండుచోట్లా వరద లేదు. వాళ్లు సాహసాలు చేయడానికి వెళ్లినవాళ్లూ కాదు. పుణ్యస్నానానికి దిగినవాళ్లు. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి.

ఇలాంటివి చాలాసార్లు గొలుసుకట్టుగా జరుగుతాయి. ఒకరు జారితే లాగడానికి ఇంకొకరు, ఆ ఇద్దరికోసం మూడోవాళ్లు. మునిగేవాడు చేతికందినదాన్ని పట్టుకుని ఎక్కడానికి చూస్తాడు, అది తోడబుట్టినవాడి మెడ అయినా సరే. అందుకే శిక్షణ పొందినవాళ్లు కూడా నేరుగా దూకరు. ముందు కర్ర అందిస్తారు. అందకపోతే తాడు విసురుతారు. చీర, పంచె, తువ్వాళ్లు ముడేసినా తాడే. నీళ్లలో దిగడం ఆఖరి మాట.

నదికి బయల్దేరే కారులో మంచినీళ్ల డబ్బాలెలాగూ ఉంటాయి. ఖాళీ అయిన ఐదు లీటర్ల డబ్బాలు రెండు, పది పదిహేను మీటర్ల నైలాను తాడు చాలు. మూతలు గట్టిగా బిగించి రెంటినీ తాడు చివర కట్టాలి. మరీ ఖాళీగా ఉంటే విసిరినా గాలికి పక్కకి పోతాయి, ఒక్కో గ్లాసు నీళ్లు లోపల ఉంచాలి. రెండూ కలిపి తొమ్మిది కిలోల పైచిలుకు ఎత్తు ఇస్తాయి. పెద్దమనిషి తల ఐదు కిలోలుంటుంది. డబ్బాలను గుండెలకి హత్తుకున్నవాడి మొహం నీటిపైన ఉంటుంది, గట్టుమీదివాళ్లు నిదానంగా లాగొచ్చు.

బావిలోకి దిగిన మనిషి మాటేమైంది అంటారా? తెలివైన రైతులు అతని నడుముకి ముందే ఒక తాడు కడతారు. రెండో కొస గట్టుమీద ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఒకసారి లాగితే బాగానే ఉన్నాను, గబగబా లాగితే పైకి తీయండి అని అనుకుంటారు. ఇవాళ యాభై ఐదు దగ్గర తల పైకొచ్చింది. చేతిలో పిడికెడు నాచు. మోటారు వేయమన్నాడు.